బండి నడిపింది నేనే

పదకొండు గంటలకు తీర్పు చదువుతారని గుమాస్తా చెప్పి వెళ్లాక రత్నమణికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఒళ్లో పెట్టుకుంటే చెమట, బెంచీ మీద పెడితే ఇనుము వేడి. పొద్దున పదింటికే కడప ఎండ వరండాలోకి వచ్చి కూర్చుంది. ఇంకా గంట ఉంది. గోడకు అంటించిన కాగితంలో ఈరోజు కేసులు పదకొండు, ఏడోది తనది, రత్నమణి అని ఇంగ్లీషులో అచ్చు, దాని కింద కర్నూలు షోరూము పేరు. మొదటిసారి ఆ కాగితం చూసినప్పుడు తప్పు చేసినవాళ్ల పేర్లు ఇట్లా అంటిస్తారేమో అనుకుంది, దొంగల ఫోటోలు స్టేషనులో అంటించినట్టు. కాదు, ఇది జిల్లా వినియోగదారుల కమిషను, ఇక్కడ అడిగేవాళ్ల పేరు ముందు, జవాబు చెప్పాల్సినవాళ్ల పేరు తర్వాత. ఆసుపత్రిలో పరిచయమైన పిల్ల శ్రావణి ఫోనులో ఆ కాగితం ఫోటో చూసి చెప్పింది ఆ మాట, "నీ పేరే ముందుండాది సూడత్తా." పేరు ముందుంటే ఏమొస్తుంది, పద్నాలుగు నెలలుగా ఊళ్లో ఆ పేరు ఎట్లా పలుకుతున్నారో శ్రావణికి తెలియదా.

ఎదురు బెంచీ మీద సుధీరు కూర్చుని ఉన్నాడు. ఆ పాత కార్ల షోరూము అతనిదే. ముప్పై దాటవు, అదే తెల్ల చొక్కా, లేక అలాంటిదే మరొకటి, చేతిలో అదే పెద్ద ఫోను. కర్నూలు నుంచి ఇంత దూరం ఎన్నిసార్లు రావాల్సి వచ్చిందో లెక్క పెట్టుకుంటున్నాడేమో. అతని లాయరు వరండా చివర ఎవరితోనో ఫోనులో మాట్లాడుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు, నల్లకోటు ఒకసారి నీడలోకి ఒకసారి ఎండలోకి. తనకు లాయరు లేడు. తన పక్కన ఒక గుడ్డ సంచి ఉంది, అందులో కాగితాలున్నాయి, నీళ్ల సీసా ఉంది, పొద్దున బద్వేలులో తొలి బస్సెక్కేటప్పుడు కట్టుకొచ్చిన రెండు చపాతీలు ఉన్నాయి.

సుధీరు చెడ్డవాడిలా ఉండడు. అదే ఆమెకు ఎప్పటికీ అంతుపట్టని సంగతి. పోయినేడాది జనవరిలో కర్నూలు బస్టాండులో దిగి, ఆటో ఎక్కి, ఆ షోరూము ముందు దిగినప్పుడు అతనే ఎదురొచ్చి కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు, అక్కా అన్నాడు. వరుసగా బండ్లు, అద్దాల మీద పసుపు బొట్లు, ముందు భాగాన ఎర్ర రిబ్బన్లు, పెళ్లికి నిలబెట్టిన పిల్లల్లా. "బండి ఎవరు నడుపుతారక్కా, కొడుకా, తమ్ముడా?" అని అడిగాడు. నేనే నడుపుతానంటే నవ్వాడు, వెటకారంగా కాదు, ముచ్చటపడ్డట్టే నవ్వాడు. పసుపు నంబరు ప్లేటున్న తెల్ల బండి దగ్గరికి తీసుకెళ్లి తలుపు తెరిచాడు. లోపల సెంటు వాసన గుప్పున కొట్టింది, మల్లెపూల సెంటు, ముక్కు మండేంత. బండికి ఇంత సెంటు ఎందుకు కొట్టారో అప్పుడు అడగాలని తోచలేదు. వేరే అడిగింది, దెబ్బ ఏమన్నా తగిలిందా, ఇంజను ఎప్పుడన్నా విప్పినారా అని. "ఒక్క గీత లేదక్కా. ఒకే ఓనరు. నీళ్ల మాదిరి పోతాది" అన్నాడు. నీళ్ల మాదిరి. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ మంటా ఒకేసారి వస్తాయి. ఐదు చోట్ల సంతకాలు పెట్టించుకున్నాడు. నాలుగో కాగితంలో ఏముందని అడిగితే, "అది మామూలేలేక్కా, అందరూ పెడతారు" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చూసుకుని కొన్నాను, తర్వాత ఏ బాధ్యతా అమ్మినవారిది కాదు అని రాసి ఉందట అందులో. డ్వాక్రా అప్పు, ప్రేమయ్య పోయాక వచ్చిన ఇన్సూరెన్సు, రెండు జతల కమ్మలు, అన్నీ ఆ కాగితం కిందికి పోయాయి.

ఆ రోజు మాత్రం అదేదీ తెలియదు. నంద్యాల దాటి ఆళ్లగడ్డ దగ్గర రోడ్డు నున్నగా సాగిపోతుంటే అద్దం దించి చలిగాలికి ముఖం పెట్టింది. నలభై మూడేళ్ల వయసులో మొదటిసారి ఒక్కతే, తన సొంత బండిలో, ఎవరినీ అడగకుండా. మైదుకూరులో ఆపి వేడివేడి దోసె తింది, బండిని హోటలు కిటికీలోంచి చూసుకుంటూ తింది. ఆ పూట సంతోషం అబద్ధం కాదు. బండి అబద్ధమైంది గానీ సంతోషం నిజమే. దాన్ని సుధీరు తీసుకోలేడు, దానికి రసీదు లేదు.

ప్రేమయ్య ఉంటే ఆ బండిలో ముందు సీట్లో కూర్చునేవాడు. ప్రేమయ్య ఆమె భర్త, తాపీ పని చేసేవాడు, ముప్పై ఎనిమిదేళ్లకే మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. వారానికి మూడుసార్లు కడపకు, రక్తం కడిగించుకోవడానికి. పోయేటప్పుడు సరే, వచ్చేటప్పుడే నరకం. నాలుగు గంటలు మిషను మీద ఉన్న మనిషి ఒళ్లు పిండేసిన బట్టలా అయిపోతుంది, బస్సులో సీటుండదు, కడుపులో తిప్పుతుంది. ఒకసారి సిద్ధవటం బ్రిడ్జి మీద వాంతి చేసుకుంటే ఎవరో తాగి వచ్చాడనుకున్నారు. ప్రేమయ్య ఆదివారం చర్చిలో కూడా వెనక బెంచీలోనే కూర్చునే మనిషి, ఏనాడూ ఎక్కడా ముందుకు రాడు, ఆ రోజు మాత్రం దిగాక, "రత్నా, ఒక కారుంటే ఎంత బాగుండు గదా" అన్నాడు. అడగలేదు, ఊరికే అన్నాడు. ఆయన పోయాక మొదటి వారమంతా మంగళ, గురు, శనివారాలు తెల్లవారుజామున నాలుగింటికే మెలకువ వచ్చేది, లేచి కూర్చునేది, తీసుకుపోవడానికి ఎవరూ లేరు. ఆ లేవడం ఎటు పెట్టుకోవాలో తెలియకే డ్రైవింగు నేర్చుకుంది. బద్వేలు డ్రైవింగు స్కూలులో ఒక్కతే ఆడమనిషి. ప్రేమయ్య పక్క బెడ్డు ఓబుళేశన్న ఇంకా బతికే ఉన్నాడు, బస్సులోనే పోతున్నాడు. శ్రావణి కొత్తగా వచ్చింది, ఇరవై రెండేళ్ల పిల్ల, డిగ్రీ మధ్యలో ఆపేసింది. ఇంకా ఇద్దరు. నలుగురిని తీసుకుపోయి తీసుకొస్తే బండికీ తనకూ గడుస్తుంది, అంతే, పెద్ద సేవ ఏమీ కాదు. బతుకు తెరువే.

లాయరు ఫోను పెట్టేసి సుధీరు చెవిలో ఏదో చెప్పాడు. సుధీరు తల ఊపాడు. ఆమె చూపు తిప్పుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. ఏప్రిల్‌లో నలుగురినీ కడపకు తీసుకుపోతున్న ఆ రోజు బండిలో కూడా ఇంతే, ఏసీ తిరుగుతున్న చప్పుడు ఉండింది, చల్లదనం లేదు.

అట్లూరు దాటాక, లంకమల అడవి మొదలయ్యే చోట. ముందు స్టీరింగు కింద నుంచి కాలిన వాసన వచ్చింది. తర్వాత సన్నగా పొగ. ఆపే లోపే బండి తనంతట తానే ఆగిపోయింది, లైట్లు లేవు, హారను లేదు, అద్దాలు దిగవు. ఒక్కొక్కరినీ దించి చెట్టు కిందికి చేర్చింది, చెట్టంటే చెట్టు కాదు, ఆకు రాల్చిన తుమ్మ. ఫోనుకు సిగ్నలు లేదు. ఓబుళేశన్న ముందు శనివారం మనవరాలి పెళ్లి చూపులని మిషనుకు పోలేదు, ఒంట్లో నీరు నిండి ఉంది, అరగంట అయ్యేసరికి ఊపిరి గురగురమంటోంది. రెండు బస్సులు ఆగకుండా పోయాయి. మూడో బండి రాయచోటి పోయే ఖాళీ లారీ. రోడ్డు మధ్యలో చేతులు చాపి నిలబడింది, అదొక్కటే గుర్తుంది, లారీ ముందు భాగం ముఖానికి అంత దగ్గరగా వచ్చి ఆగడం. మిగతా ముగ్గురినీ లారీ వెనక ఎక్కించి, అన్నను క్యాబిన్లో కూర్చోబెట్టి వెనక నుంచి పట్టుకుని కడప దాకా ఆయన ఊపిరి లెక్కపెట్టింది. ఆరు రోజులు ఐసీయూలో ఉన్నాడు. బతికాడు. బతికాడు కాబట్టే ఈరోజు ఈ బెంచీ మీద కూర్చోగలిగింది, లేకుంటే ఏ కమిషనూ తనకు అక్కర్లేదు.

ఆసుపత్రి మెట్ల మీద ఓబుళేశన్న పెద్దకొడుకు అరిచిన అరుపు మాత్రం ఇంకా చెవుల్లోనే ఉంది. "ఆడదాని చేతికి స్టీరింగిచ్చి మా నాయన పానం మీదికి తెచ్చినారు గదా!" ఎవరూ ఎదురు చెప్పలేదు. తనూ చెప్పలేదు. ఎందుకంటే అది నిజమేమో అని తనకే అనుమానం. గేరు తప్పు వేశానా, చప్పుడు ఏదైనా ముందే వచ్చిందేమో, వినలేదా, వేడి ముల్లు చూడలేదా. రోజూ పడుకునే ముందు ఆ రోడ్డు మళ్లీ మొదటి నుంచి నడిపేది, ప్రతి మలుపూ, ప్రతి గేరూ, తప్పు దొరికేది కాదు, దొరకకపోతే ఇంకా భయమేసేది. ఆ రోజు తర్వాత స్టీరింగు పట్టుకోలేదు. ఎవరి బండీ పట్టుకోలేదు.

"తప్పు నీది కాదక్కా" అన్న మొదటి మనిషి మాబాషా. కడప బైపాసు పక్కన మెకానిక్కు షెడ్డు. లాక్కొచ్చిన బండిని చూసి, బానెట్టు ఎత్తి, డ్రైవరు సీటు ఊడదీశాడు, కింద పరిచిన కార్పెట్టు పట్టుకుని లేపాడు. కింద ఇనుమంతా తుప్పు, తుప్పు మీద బూడిదరంగు మన్ను, పిండిలా మెత్తగా, ఆరిపోయి పొరలు పొరలుగా. మా నేల మన్ను ఎర్రగానో నల్లగానో ఉంటుంది, ఇది మా మన్ను కాదు. ఫ్యూజుల పెట్టెలో అదే మన్ను. వెనక సీటు కింద స్క్రూడ్రైవరు పెట్టి గీకితే ఒక చిన్న నత్తగుల్ల ఊడి అతని అరచేతిలో పడింది. "సూడక్కా, నత్త. కారులో నత్త యాడ్నుంచి వస్తాది? ఈ బండి మునిగి లేసింది. వైర్లన్నీ లోపల్లోపల తినేసినాయి. నువ్వు కాదు గదా, ఎవరు నడిపినా ఇది యాడో ఒగచోట కాలాల్సిందే." ఆమె ఆ మాట మళ్లీ ఒకసారి చెప్పమంది. అతను చెప్పాడు. మూడోసారి అడగడానికి సిగ్గేసి ఊరుకుంది. మాబాషా ఆ నత్తగుల్లను చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి, ఫోటోలు తీసి, చూసినదంతా తన షెడ్డు పేరున్న కాగితం మీద రాసి సంతకం చేసి ఇచ్చాడు. అప్పటి నుంచి నెలకోసారి ఫోను చేసి అదే మాట, "ఫికర్ చేయొద్దక్కా, నా బండి ఊరికే పడుండాది, తీస్కపోయి పేషెంట్లను తోలు." వద్దులే అంటుంది. ఎందుకో చెప్పదు. అతనికి తెలుసు.

సుధీరుకు అప్పుడు ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడాడు. "బండి గేటు దాటినాక మాకు సంబంధం లేదక్కా. ఉన్నది ఉన్నట్టని సంతకం పెట్టినావు గదా. అంత దుడ్లు పెట్టి కొనేటప్పుడు మెకానిక్కును తెచ్చుకోవల్ల." అక్కా అన్న పిలుపు చివరి దాకా మానలేదు, ఆ పిలుపుతోనే ఫోను పెట్టేశాడు. ఇంటికొచ్చి ఆ నాలుగో కాగితం తీసి చూసుకుంది. తన సంతకమే. వంకర లేదు, అనుమానం లేదు. ఇక ఏముంది అనుకుంది. ఆ మాట ఆసుపత్రిలో శ్రావణి దగ్గర అంటే, ఆ పిల్ల ఎడమ చేతికి సూదులు, ట్యూబుల్లో తన రక్తమే ఎర్రగా తిరుగుతుంటే, కుడిచేత్తో ఫోను పట్టుకుని వెతకడం మొదలుపెట్టింది. నాలుగు గంటలు పడుకోవాలి, ఏం చేయాలి మరి అంటుంది. తర్వాతి మిషను రోజుకల్లా కళ్లు మెరుస్తున్నాయి. "కర్నూలు పోబల్లేదత్తా! నువ్వు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు ఇయ్యొచ్చంట. వాళ్లే మన కడపకు రావల్ల. నీ బండి ధరకు ఫీజు గూడా లేదు. లాయరు లేకున్నా నువ్వే చెప్పుకోవచ్చు." సంతకం పెట్టినా గదా శ్రావణీ అంటే, "చెప్పకుండా దాచిపెట్టిన దానికి సంతకం యాడుంటాది?" అంది. మూడు వారాలు, తొమ్మిది మిషన్లు, ఒక్క చేత్తో ఆ పిల్ల ఫిర్యాదు రాసింది. ఏం జరిగిందో తను చెప్పేది, శ్రావణి రాసేది, పక్క బెడ్డు మీద నుంచి ఓబుళేశన్న సగం నిద్రలో, "లారీ సంగతి గూడా రాయి" అనేవాడు. కొడుకు అరిచిన సంగతి ఆయనకు తెలుసు. ఒక్కనాడూ ఆయన ఆ మాట ఎత్తలేదు, తను మాత్రం ఆయన ముఖంలోకి సూటిగా చూడలేకపోయేది.

అయితే మన్ను ఒక్కటే చాలదని, బండి నీళ్లలో ఉన్నట్టు చూసిన మనిషి కావాలని శ్రావణే పట్టుబట్టింది. సుధీరు ఇచ్చిన కాగితాల కట్టలో పాత ఇన్సూరెన్సు జిరాక్సు ఒకటి ఉంది, దాని మీద పాత యజమాని పేరు రమణి, విజయవాడ, కింద ఫోను నంబరు. రెండు రోజులు ఆ నంబరు వైపు చూస్తూ కూర్చుంది రత్నమణి. ముక్కూమొఖం తెలియని మనిషికి ఫోను చేసి ఏమని అడగడం. చేసింది. అవతల కుక్కరు విజిలు వినపడింది. బండి నంబరు చెప్పగానే అవతలి మనిషి, "అయ్యో, ఆ బండి మీకు అమ్మారా అండీ?" అంది. వరదలో మా వీధంతా మునిగింది, మూడు రోజులు అద్దాల పైదాకా నీళ్లు, మా ఆయన ట్రావెల్స్ బండి అది, ఇన్సూరెన్సు వాళ్లు ఇక పనికిరాదని రాసి తీసుకెళ్లిపోయారు, తుక్కు కింద పోయిందనుకున్నాం. అంతా ఒక్క గుక్కలో చెప్పింది. అడగకుండానే ఒక ఫోటో పంపింది. మేడ మీద నుంచి తీసినట్టుంది, మట్టి నీళ్లలో తెల్ల బండి పైకప్పు, వెనక అద్దం సగం, నీటి అలకు కాస్త పైకి తేలిన పసుపు ప్లేటు, అంకెలన్నీ కనిపిస్తున్నాయి. ఆ ఫోటో చూస్తూ రత్నమణికి కోపం రాలేదు, విచిత్రంగా ఆ రమణి మీద జాలేసింది, వాళ్ల బతుకూ ఆ బండే కదా. తర్వాత రమణి నోటరీ దగ్గరికి పోయి అఫిడవిట్టు చేయించి రిజిస్టరు పోస్టులో పంపింది. పోస్టు ఖర్చు ఇస్తానంటే, "ఊరుకోండి, ఎవరికి వాళ్లం ఊరుకోబట్టే గదా ఇలా అమ్మేస్తున్నారు" అంది.

పావు తక్కువ పదకొండు. బెంచీ కదిలింది. సుధీరు వచ్చి పక్కన కూర్చున్నాడు, మధ్యలో సంచి పెట్టేంత జాగా వదిలి.

"అక్కా, ఒగ మాట. తీర్పు ఎట్లొచ్చినా పైన కమిషనుండాది, ఏండ్లు పడతాది. ఎందుకు ఈ తిరుగుడు? బండి ధరలో సగం ఇప్పుడే ఇస్తా. లాయరు కాగితం రాసినాడు. లోపలికి పోయి రాజీ అయినామని చెప్దాం."

సగం. డ్వాక్రా అప్పు తీరిపోతుంది. అది తీరితే రాత్రి నిద్ర పడుతుంది. చేయి చాచి కాగితం తీసుకుంది. ఇంగ్లీషు. పద్నాలుగు నెలల్లో ఇంగ్లీషు కాగితాలు చాలా చూసింది, మెల్లగా వేలు పెట్టి చదవడం వచ్చింది. మూడో పేరాలో ఆగింది.

"ఇదేంది సుధీరూ, బండిలో ఏ లోపమూ లేదని ఒప్పుకుంటాండానని ఉండాది?"

"అది మామూలేలేక్కా."

ఆ మాట ఆమెకు కొత్త కాదు. కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుని మొదటిసారి అతని ముఖంలోకి చూసింది. కంటి కింద నల్లటి చారలు, గడ్డం గీసుకున్నచోట చిన్న గాటు. అతనికీ ఇల్లుంటుంది, అప్పుంటుంది. "నిజం చెప్పప్పా. నాకు అమ్మేటప్పుడు నీకు తెలుసా, ఇది మునిగిన బండని?"

సుధీరు ఫోను అటూ ఇటూ తిప్పాడు. లాయరు వైపు చూశాడు. "వేలంలో తెచ్చేది మా మనుషులక్కా. నేను..." అని ఆపేశాడు. అబద్ధం చెప్పడం చేతకాక కాదు, ఆ క్షణాన చెప్పలేకపోయాడు, అంతే. ఆమెకు జవాబు వచ్చేసింది.

"దుడ్ల కోసమే అయితే నేనిప్పుడే సంతకం పెడతా. కానీ నువ్వు మీ జవాబులో రాసినావు గదా, నాకు నడపడం రాక బండి చెడిందని. ఊరంతా అదే అంటాండారు. ఈ కాగితం మీద సంతకం పెడితే నేనూ అదే అన్నట్టు. బాగుండే బండిలో ఓబుళేశన్నను నేనే చంపబోయినట్టు. వద్దప్పా." కాగితం మడత విప్పి, చేత్తో సాపు చేసి, తిరిగి ఇచ్చేసింది. సంచి ఒళ్లోకి లాక్కుంది. సగం ధర, రత్నమణీ, పిచ్చిదానా. పోనీ. ప్రేమయ్య ఉంటే సంచి పట్టుకుని పక్కన నిలబడేవాడు.

విచారణ రోజు కూడా ఇదే నింద విన్నది. సుధీరు లాయరు గట్టి గొంతుతో రెండు వాదనలు చెప్పాడు. ఒకటి, ఈమె బాడుగకు తిప్పే వ్యాపారి, కాబట్టి వినియోగదారు కానే కాదు, ఈ కమిషనుకు రావడానికే హక్కు లేదు. రెండు, అనుభవం లేని డ్రైవింగు. ఆ మొదటి మాట తలుపు దగ్గరే వెనక్కి తోసేసినట్టుంది. అధ్యక్షురాలు కళ్లజోడు పైకి నెట్టుకుని నేరుగా తననే అడిగింది, బండి ఎవరు నడుపుతారమ్మా అని. నేనే నడుపుతా మేడమ్. డ్రైవర్లను పెట్టుకున్నారా, ఇంకా బండ్లున్నాయా. లేవు మేడమ్, ఒక్కటే బండి, నడిపింది నేనే, నా బతుకు దాని మీదనే. ఆ మాట ఎంత గట్టిగా వచ్చిందంటే గుమాస్తా రాసేది ఆపి తలెత్తాడు. అధ్యక్షురాలు లాయరుతో ఇంగ్లీషులో ఏదో అంది, తర్వాత తనకు తెలుగులో చెప్పింది, సొంతంగా కష్టపడి బతకడానికి కొనుక్కున్న వస్తువైతే ఆ మనిషి వినియోగదారే, చట్టంలోనే ఉంది అని. రెండో వాదన గురించి మాత్రం ఏమీ చెప్పలేదు. తీర్పు రోజు చెప్తామంది. ఆ రోజే ఈరోజు.

"ఏడో నంబరు!"

లేచింది. సంచి భుజాన వేసుకుని నడిచింది. లోపల చల్లగా ఉంది, పెద్ద బల్ల వెనక ముగ్గురు. అధ్యక్షురాలు చదవడం మొదలుపెట్టింది, ఇంగ్లీషులో, సమంగా, వాన చప్పుడులా. మాటలు కొన్ని అందుతున్నాయి కొన్ని పోతున్నాయి. అఫిడవిట్టు. ఫోటోగ్రాఫు. మాబాషా పేరు వచ్చింది, అతను ఉంటే మురిసిపోయేవాడు. నత్తగుల్ల అనేదానికి ఇంగ్లీషు మాట ఏదో వచ్చింది, రెండో సభ్యుడు చిన్నగా నవ్వాడు. సుధీరు నేల చూస్తున్నాడు. చదవడం ఆగింది. అధ్యక్షురాలు కళ్లజోడు తీసి తెలుగులోకి దిగింది. "రత్నమణిగారూ, వరదలో మునిగిన సంగతి దాచిపెట్టి అమ్మడం అనుచిత వ్యాపారం. ఉన్నది ఉన్నట్టు అని సంతకం చేయించుకున్నంత మాత్రాన, ఉన్నదేదో చెప్పకుండా దాచే హక్కు అమ్మేవాళ్లకు రాదు. బండి వెనక్కి తీసుకుని, మీరు కట్టిన డబ్బంతా వడ్డీతో నలభై ఐదు రోజుల్లో ఇవ్వాలి. మీరు పడ్డ బాధకు పరిహారం, ఖర్చులు వేరే." ఆగి, కాగితంలో వేలు పెట్టి వెతికింది. "ఇంకొకటి. మీ డ్రైవింగులో ఎలాంటి లోపం ఉన్నట్టు ఏ ఆధారమూ లేదు. అది కూడా రాశాం."

నమస్కారం పెట్టాలి. పెట్టిందో లేదో తెలియదు. డబ్బు మాట దూరంగా ఎక్కడో వినిపించింది, పక్క గదిలో రేడియోలా. ఆ చివరి మాట మాత్రం వచ్చి ఒంట్లో కూర్చుంది. ఏ ఆధారమూ లేదు. అట్లూరు దాటాక ఆ రోడ్డు కళ్ల ముందుకొచ్చింది, ఈసారి తప్పు వెతకకుండా, ఊరికే రోడ్డులా వచ్చింది, తుమ్మచెట్లు, దూరంగా కొండ.

బయట సుధీరు ఆమె పక్క నుంచే పోయాడు. లాయరు పైకి అప్పీలు గురించి మాట్లాడుతున్నాడు, సుధీరు వినడం లేదు. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి, "బండి యాడుండాదక్కా? మనుషుల్ని పంపిస్తా" అన్నాడు. మాబాషా షెడ్డులో ఉందని చెప్పింది. అతను తలూపి దిగిపోయాడు. అప్పీలుకు పోతాడా, పోడా. పోతే పోనీ. మళ్లీ వస్తుంది, మళ్లీ చెప్తుంది, చెప్పడం ఇప్పుడు వచ్చు.

గుమాస్తా తీర్పు కాపీ ఇచ్చాడు, పదహారు పేజీలు, ఇంకా వెచ్చగా ఉంది. ఆ మాట ఎక్కడుందని అడిగితే పద్నాలుగో పేజీ తిప్పి చూపించాడు. ఆమె అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఓబుళేశన్నకు ఫోను చేసింది. ఈరోజు మంగళవారం, మిషను మీద ఉంటాడు. శ్రావణి ఎత్తింది, ఫోను ఆయన చెవి దగ్గర పెట్టినట్టుంది, మిషను బీప్ చప్పుడు వినిపిస్తోంది.

"అన్నా, గెలిచినాము." అంది. పద్నాలుగో పేజీ తీసి, వేలు పెట్టి, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ చదివింది, ఆ తర్వాత తెలుగులో చెప్పింది. "నా నడపడంలో తప్పు లేదంటన్నా. రాసి, ముద్ర ఏసి ఇచ్చినారు."

అవతల ఎవరో నవ్వారు, శ్రావణి కావచ్చు, నవ్వుతూ ముక్కు చీదింది.

"అది ఆ పొద్దు నుంచీ నాకు తెలుసు మ్మే," అన్నాడు ఓబుళేశన్న, ఆయాసం మధ్య. "లారీకి అడ్డం నిలబడిన దానివి. మా పెద్దోడు గూడా నిన్న అడిగినాడు, రత్నమ్మ మళ్లా ఎప్పుడు బండి తీస్తాదని, బస్సులో నన్ను మోసేది వాడే గదా. ఇంగ ఈ బస్సులు నావల్ల కాదు. గురువారం ఎన్నింటికొస్తావు?"

బండి యాడుండాదన్నా అనబోయింది. నాలుక చివరి దాకా వచ్చింది. రోడ్డు అవతల ఆటోలు, స్కూటర్లు, ఎండలో మెరుస్తూ ఒక్కదాని వెనక ఒకటి పోతున్నాయి, ఒక ఆడపిల్ల స్కూటీ మీద సందు చూసుకుని లారీని దాటేసింది. మాబాషా షెడ్డు, అక్కడ ఊరికే పడున్న అతని బండి, ఇక్కడికి నడిచే దూరమే. ఆమె కాపీని సంచిలో పెట్టుకుని మెట్లు దిగడం మొదలుపెట్టింది.

"ఐదున్నరకు," అంది. "గేటుకాడ ఉండు."